పెంచలమ్మ కరెంటు

మాధవరంలో బాడుగకిచ్చే ఇల్లు అది.
ఆరు చక్రాల మీద నిలబడుద్ది.
లోపల మూడు పడకలు, చిన్న పొయ్యి,
గోడలో దాక్కునే బల్ల,
ఒక మూల, చెప్పకూడదు గానీ, కక్కసు కూడా.
తాళంచెవి నాది. ఇల్లు నాది కాదు.

ఎక్కింది నలుగురు.
శేషాద్రి సారు, బ్యాంకులో పెద్ద సంతకం.
వకుళమ్మ. మెడలో కెమెరాతో ఆమె తమ్ముడు.
కిటికీకి ముక్కు అంటించుకున్న ఏడేళ్ళ పాప, ఆద్య.

తడ దాటింది నాకొక్కడికే తెలిసింది.
బోర్డుల మీద అక్షరాలకు
తలకట్లు మొలిచాయి.

నేలపట్టు చెరువు కట్ట కింద,
గేటు బయట, పెంచలమ్మ టీ కొట్టు పక్కన ఆపా.
"ఏంది నాయనా, పెళ్ళి బస్సా?"
"ఇల్లమ్మా."
"మరి పునాది యాడ?" అడిగి తనే నవ్వింది.

కరెంటుకు గంటకి యాభై.
కొట్టు వెనక మీటరు నించి
నల్ల వైరు చెప్పుల మధ్యగా పాకి
బండి కడుపులో దూరింది.
ఏసీ మూలిగింది. తలుపు మూసుకుంది.
అద్దాల వెనక వాళ్ళు నీలంగా,
తొట్టిలో చేపల్లే తిరిగారు.

నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద
పోయినవి పోగా మిగిలిన గూడబాతులు.
ఏ దేశం నించి వస్తాయని తమ్ముడు అడిగితే
"దేశం నాకు తెలవదు," అంది పెంచలమ్మ.
"పురుటికి వస్తాయి.
పిల్లలకు రెక్కలొస్తే పోతాయి.
అయి రాని ఏడు వాన కూడా రాదు."
అని గ్లాసులు కడుక్కోను పోయింది.

నాకు పట్ట ఉంది. దానిమీద దుప్పటి.
పదేళ్ళుగా నా పడక బండి పక్కనే,
ముందు టైరు దగ్గర తల,
వెనక టైరు వైపు కాళ్ళు.
ఇంజను చల్లారేటప్పుడు
టిక్కు, టిక్కు అంటుంది.
అది ఆగేలోపు నిద్రపోతా.

పదకొండున్నరకి
ఊరంతా ఒక్కసారిగా కన్ను మూసింది.
జనరేటరు పొద్దుననగా మూగనోము పట్టింది.
అరగంట ఓర్చుకున్నారు.
ముందు పాప దిగింది.
పాప కోసం వకుళమ్మ.
దోమల్ని తిట్టుకుంటా తమ్ముడు.
చివరికి సారు, దిండు చంకలో పెట్టుకోని,
హాస్టలుకు కొత్తగా వచ్చిన పిల్లోడల్లే.
"ఖాజా, కొంచెం జరుగుతావా?"

ఈ పదేళ్ళలో
ఏ బాడుగదారూ నన్నడగని మాట.
జరిగా. పట్ట చాలలా.
నా కాళ్ళు మట్టి మీదికి పోయినాయి.

"ఆ టకటక ఏంటి?" పాప.
"నత్తలు తినే కొంగలమ్మా,
ముక్కులు కొట్టుకుంటాయి."
"రాకెట్టు ఎటు పోద్ది?"
"అట్టా, తూరుపుకి. ఈ రాత్రి లేదులే."
లేదన్నా అటే చూస్తా నిద్రపోయింది.

గూడూరు వైపు రైలొకటి పోయింది.
"మీదే ఊరు?" సారు చీకట్లోంచి.
"గూడూరే. ముప్పావు గంట."
"మరి చెప్పలేదే?"
"మీరు కట్టింది నేలపట్టుకు గదా సార్."
ఆయన ఇంకేం అడగలా.
చానాసేపు మేలుకోనే ఉన్నాడు,
ఊపిరి చప్పుడు తెలస్తానే ఉంది.

నాలుక్కి కరెంటొచ్చింది.
ఖాళీ ఇంట్లో ఏసీ మూలిగింది,
దీపాలన్నీ వెలిగాయి.
ఎవరూ లేవలా.

ఆరుకి పెంచలమ్మ లెక్క పట్టుకొచ్చింది.
"రాత్రి అయిదు గంటలు, రెండొందలయాభై."
"చీకట్లో ఉన్నది?"
"తీసేశా. పొద్దున రెండు గంటలు,
ఖాళీ ఇంటిని చల్లబెట్టినందుకు, నూరు."
సారు నాలుగొందలిచ్చి చిల్లర అడగలా.
ఆమె అడగకుండానే యాభై ఇచ్చింది.

కట్ట మీద వాళ్ళు పక్షుల వైపు నడుస్తుంటే
వైరు చుట్టా.
పట్ట దులిపితే మట్టి, ఒక తెల్ల ఈక,
పాప జుట్టు రబ్బరు.
ఈక గాలి పట్టకపోయింది.
రబ్బరు స్టీరింగుకు తగిలించి
పట్ట మడిచా.
ఎప్పుడూ కుదిరే మడత
ఈ పూట కుదరలా.